ఊరికే వచ్చిన ఇనుము

1958 మే 18, ఆదివారం, సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలు. బెల్లంపల్లి గని సైరన్ విని అప్పుడే చాయ పెట్టాను కనుక వేళలో పొరపాటు లేదు. మబ్బు లేకుండానే ఉరిమినట్టు చప్పుడైంది. మా కొలిమి వెనక చేనులో జానెడు గుంత, అందులో నల్లరాయి. తూచితే పదకొండు సేర్లు. పైనుంచి పడింది కదా, కాలుతుందనుకున్నాను. గోరువెచ్చగా కూడా లేదు. నాకు అర్థం కాకపోవడం అక్కడే మొదలైంది.

బాపు ఊరి కమ్మరి. ముప్పై ఆరు ఇళ్ల నాగలి కర్రులు చూసేవాడు. అందుకు పంట మీద ఇంటికి అర బస్తా జొన్నలు మేర. మా ఏడాది తిండి అదే. మృగశిర వానకు కర్రు సిద్ధం కాకపోతే రైతు వేరే ఊరి కమ్మరిని చూసుకుంటాడు, ఆ ఏటి మేర కూడా అటే పోతుంది. బాపుకు చదువు రాదు. లెక్క కూతురినైన నాది.

గనిలో పనిచేసే మా మేనమామ మరునాడు అయస్కాంతం తెచ్చాడు. రాయికి టక్కున అంటుకుంది.

"బావా, ఇనుమే! గీసొంటియి మీద ఆకాశంల గుట్టలు గుట్టలు తిరుగుతున్నయట. ఒకనాడు మనుషులు పోయి తవ్వుకొస్తరని మా సారు చెప్పిండు."

"తవ్వుడు సరే. దించుడెట్ల?"

"గనిల నుంచి బొగ్గును తాడుతోని గుంజుతలేమా?"

"నీ తాడు ఎంత పొడుగురా బామ్మర్ది?"

అవ్వ తన తమ్ముడికీ బాపుకూ చాయ గ్లాసులు పెడుతూ, "ముందుగాల ఇంట్లకు గింజలు దించుండ్రి" అంది.

బాపు వినలేదు. ఇనుము కొనే పని లేకుంటే రైతులు సంబరపడతారు, ఇంకో పది ఇళ్లు మేరలో చేరతాయి అనుకున్నాడు. "ఈ యేడు అందరి కర్రులకు మొనలు ఈ రాయితోనే ఏస్త, ఇనుము ఉత్తగనే" అని ఊరంతా చెప్పాడు.

రాయి కొలిమిలో పట్టలేదు. కొయ్యబోతే ఉలి విరిగింది. కొలిమి పడగొట్టి పెద్దది కట్టాడు. కట్టెబొగ్గు చాలక మామ గని బొగ్గు తెచ్చాడు. ఎర్రగా కాలినాక సుత్తి వేస్తే ఎండురొట్టెలా పెళపెళ విరిగింది. ఆ ముక్కలే మళ్లీ కాల్చాడు. రైతుల కర్రులు మొండిగా గోడకు ఆనించే ఉన్నాయి. జూన్ 9న వాన పడింది.

"ఏమయ్యా, వాన నీ రాయిని అడిగి వస్తదా?" అంటూ ఒక పెద్ద రైతు తన కర్రు తీసుకుని పోయాడు. వెనకే ఇంకో ఎనిమిది మంది.

ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలదు. రాయి ధర లేదు, తెచ్చిన కిరాయి లేదు. అయినా బజారు ఇనుము కన్నా ప్రియమైంది. మరి అంత ఎత్తుకు పోయి తెచ్చేవాళ్లకు ఎట్లా గిట్టుతుందని మామను అడిగాను.

"ఒక్క రాయికి కొలిమి కడితే గంతే కోడలా. గుట్ట వస్తే గిట్టుతది."

కావచ్చు. గుట్టకు ఎంత కొలిమి కావాలో వేసి చూశాను. మూడుసార్లు మూడు రకాలుగా వచ్చింది.

పోయినవి: ఇరవై ఒక్క రోజులు, ఇరవై రెండు గంపల కట్టెబొగ్గు, ఒక ఉలి, పాత కొలిమి, తొమ్మిది ఇళ్ల మేర, అంటే నాలుగున్నర బస్తాల జొన్నలు.