వెయ్యి గంటలకు ఐదు నిమిషాలు తక్కువ

డార్లా ప్రూట్ అంటే ఆ కౌంటీలో షెరీఫ్ కన్నా ఎక్కువ భయం. షెరీఫ్ అయినా ఎప్పుడో ఒకసారి చూసీ చూడనట్టు వదిలేసేవాడు గానీ డార్లా వదిలేది కాదు. లైసెన్సుల ఆఫీసులో కౌంటరు వెనక పంతొమ్మిదేళ్ళు కూర్చుని, ఒక్క కాగితం తక్కువైందని సగం మిస్సోరీని వెనక్కి పంపిందని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. సగం కాకపోయినా సొంత మొగుణ్ణి పంపిన మాట నిజం. వెండెల్ ఇంటింటికీ గ్యాసు పోసే ట్యాంకరు నడుపుతాడు. లైసెన్సు గడువు ఆ రోజుతో ఆఖరనగా వచ్చి, డాక్టరిచ్చిన కాగితం వంటింటి బల్ల మీద మర్చిపోయానన్నాడు.

"పొద్దున నువ్వు కాఫీ కప్పు పెట్టింది దాని మీదే కదా డార్లా! కళ్ళారా చూశావు!" అని మొత్తుకున్నాడు.

"ఇంట్లో చూసింది ఇక్కడ చెల్లదు. తరవాతివాళ్ళు రండి," అంది డార్లా.

అలాంటి మనిషికి నలభై ఏడో ఏట కూతురు పుట్టింది, పద్నాలుగేళ్ళ వయసుతో. పేరు కెండ్రా. సన్నగా, పొడుగ్గా, చొక్కా మెడ దగ్గరి తాడు నములుతూ, ఏడాదిన్నర కిందట రెండు చెత్త సంచుల్లో బట్టలు వేసుకుని వచ్చింది. అంతకు ముందు సర్కారు వాళ్ళు పెట్టిన పెంపుడు ఇళ్ళు ఏడు మారింది, తొమ్మిది బళ్ళు మారింది. జూన్ నెలలో దత్తత కాగితాల మీద సంతకం పెట్టబోతూ జడ్జిగారు, "నీకిష్టమేనా అమ్మాయ్?" అని అడిగితే, "మిస్ డార్లా వంట బాగానే చేస్తుందండీ," అంది. కోర్టంతా నవ్వింది. డార్లా కూడా నవ్వింది గానీ ఆ "మిస్ డార్లా" మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ ఊళ్ళో పిల్లలు గౌరవం కొద్దీ పెద్దవాళ్ళందరి పేర్లకీ ముందు మిస్ తగిలిస్తారు. పోస్టాఫీసులో ఆవిడా మిస్సే, కుక్కలకు సూది వేసే ఆవిడా మిస్సే. ఇంటిపేరు మారిన పిల్ల పిలుపు కూడా మారుతుందని డార్లా ఆశపడింది. దానికి ఏ ఫారం నింపాలో ఎవరినడిగినా తెలియదన్నారు.

ఈ ఊళ్ళో పదో బడిలో కెండ్రాను ఈడుకి రెండు తరగతులు కింద కూర్చోబెట్టారు. వారానికి మూడుసార్లు ఫోనొచ్చేది. భూగోళం పుస్తకం కిటికీలోంచి వెళ్ళిందనీ, అడిగితే ప్రపంచం చూడటానికి వెళ్ళిందని చెప్పిందనీ. ఇది చర్చిలో మార్లీస్ హడ్‌స్పెత్ చెవిన పడింది. మార్లీస్‌కి ఎనిమిది మంది పిల్లలు. ఒక్కరూ బడి గడప తొక్కలేదు. అందరికీ ఇంట్లోనే చదువు, ఇంట్లోనే కుట్టిన బట్టలు, ఇంట్లోనే విసిరిన పిండితో రొట్టె. ఏదడిగినా ఎనిమిది గొంతులూ కలిసి "అలాగేనండీ" అంటాయి.

"తీసేయ్ డార్లా, పిల్లను ఇంటికి తెచ్చేసుకో," అంది మార్లీస్. "పెద్ద కష్టం లేదు. చట్టం ప్రకారం జులై ఒకటి నుంచి మళ్ళీ జూన్ ముప్ఫై దాకా వెయ్యి గంటలు చెప్పాలి. అందులో ఆరు వందలు లెక్కలు, సైన్సు, భాష, అలాంటివి ఉండాలి. పుస్తకంలో రాసి ఉంచాలి, అంతే."

"ఎవరు తనిఖీ చేస్తారు?"

"ఎవరూ చెయ్యరు."

"ఎవరూ చెయ్యరా!" డార్లా అదిరిపడింది. రాయమన్నాక చూసేవాళ్ళు లేకపోవడమనేది ఆమె ఊహకు అందలేదు. అయితే తనే చూడాలి. ఆ సోమవారమే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. మంగళవారం ఆఫీసులో కేకు కోశారని, బయట వరసలో నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారని వెండెల్ చెబుతాడు.

అలా ప్రూట్ అకాడెమీ వెలిసింది. భోజనాల గదిలో జెండా, గోడ మీద గడియారం, డార్లా మణికట్టుకి ఇంకొక గడియారం. ప్రిన్సిపాలు వెండెల్. ఆయన విధి సాయంత్రం వచ్చి బూట్లు విప్పడం. ఉన్న ఒక్క విద్యార్థికీ బడి పేరున్న చొక్కా కుట్టించారు. ఈ నెల ఉత్తమ విద్యార్థి అని గోడకి ఒక చట్రం తగిలించారు. అక్టోబరులో తగిన అభ్యర్థి లేనందున అది ఖాళీగా ఉండిపోయింది.

"నేనొక్కదాన్నే ఉన్నాను కదా మిస్ డార్లా, ఎవరి చేతిలో ఓడిపోయాను?" అని అడిగింది కెండ్రా.

"ప్రమాణాల చేతిలో," అంది డార్లా.

మార్లీస్ అరువిచ్చిన పెట్టెలో లాటిన్ పుస్తకం ఉంది. కెండ్రా తిరగేసి, "ఇది మాట్లాడేవాళ్ళు ఎక్కడుంటారు?" అంది.

"ఇప్పుడెవరూ లేరు. అందరూ పోయారు."

"ఈ పుస్తకం చదివేనా?"

ప్రిన్సిపాలు పక్కగదిలోంచి పకపకా నవ్వి, నవ్వినందుకు గిన్నెలు తోమాడు.

భిన్నాల దగ్గర మాత్రం డార్లా నోరు వెళ్ళబెట్టింది. బడి అంతా మొద్దు అని తేల్చిన పిల్ల, ఎనిమిది ముక్కల పిజ్జాని ఏడుగురికి సమానంగా పంచమంటే కాగితం ముట్టకుండా చెప్పింది. ఎక్కడ నేర్చుకున్నావంటే, "రెండో ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్ళం. ఆఖరి ముక్క దగ్గర కొట్టుకునేవాళ్ళం, అందుకని నేనే కోసేదాన్ని," అంది. డార్లా లేచి వెళ్ళి పిల్లను దగ్గరకు తీసుకుందామనుకుంది. కానీ ముందు గడియారం చూసి, లెక్కలు, ఇరవై నిమిషాలు అని రాసుకుంది. రాసి తలెత్తేసరికి కెండ్రా పెరట్లోకి వెళ్ళిపోయింది.

అదీ డార్లాకున్న జబ్బు. ఏది జరిగినా మణికట్టు కేసి చూడాల్సిందే. కోడి గుడ్డు పెడితే జీవశాస్త్రం, పెద్దమ్మ అంత్యక్రియలకు వెళ్తే చరిత్ర, తిరుగుదారిలో టైరు పేలితే భౌతికశాస్త్రం. వెండెల్ గురక పెడితే ధ్వని గురించి పాఠమవుతుందేమోనని ఒక పూట ఆలోచించి, నైతిక కారణాల వల్ల మానుకుంది. లైసెన్సు ఫారాల్లో తేదీ తప్పితే ఎలా వణికించేదో, తన పుస్తకంలో నిమిషం తేడా వస్తే అలాగే తనే వణికేది. నీలం సిరా భాషకు, ఆకుపచ్చ సైన్సుకు, ఎరుపు లెక్కలకు. చర్చి నేలమాళిగలో జూన్ ఆఖరి శనివారం ఇంటిబడుల తల్లులందరూ తమ పుస్తకాలు బల్లల మీద పరిచి చూపించుకునే ఆనవాయితీ ఉంది. మార్లీస్ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పుస్తకమూ కూడుతుంది. ఆ రోజు కోసం డార్లా ఏడాదంతా ఎదురుచూసింది.

జూన్ పద్దెనిమిదిన చిక్కుడుకాయలు సీసాలకెత్తే పని పెట్టుకున్నారు. ఏటా ఆ ఊళ్ళో ప్రతి ఇంటా ఉన్నదే. కాయలు తుంచి, సీసాల్లో కూరి, మూత బిగించిన పెద్ద డబ్బాలో ఆవిరి మీద ఉడికించి, శీతకాలానికి దాచుకుంటారు. ఆ డబ్బా డార్లా అత్తగారి కాలంది. పొద్దుటి నుంచీ బుసకొడుతూనే ఉంది. డార్లా వంగి మూత మీది ఒత్తిడి ముల్లు ఎంత చూపిస్తోందో చదువుతుండగా మూత పక్కనుంచి ఆవిరి ఒక్కసారిగా చిమ్మింది.

"అమ్మా! జరుగు!" అని అరిచి కెండ్రా ఆమెను నడుం పట్టి వెనక్కి లాగేసింది.

ఇద్దరూ చిక్కుడు తొక్కల్లో చతికిలపడ్డారు. కెండ్రా పాక్కుంటూ వెళ్ళి పొయ్యి ఆర్పింది. "కాలిందా? చెయ్యి చూపించు. పిచ్చా, మొహం అంత దగ్గర పెడతారా ఎవరైనా?" అని తిట్టింది. తిడుతూ ఏడ్చింది. డార్లాకు చెయ్యి కాలలేదు గానీ ఒళ్ళంతా వెచ్చగా ఉంది. కాలిందని చెబితే ఇంకాసేపు పట్టుకుంటుందేమోనని, "కొంచెం కాలింది," అని అబద్ధమాడింది. జీవితంలో ఆమె ఇచ్చిన మొదటి తప్పుడు వాంగ్మూలం అదే.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కెండ్రా స్నానానికి వెళ్ళింది. డార్లా పుస్తకం ముందు కూర్చుంది. చిక్కుడుకాయలు, సైన్సు, మూడు గంటలు. కూడి చూస్తే మొత్తం తొమ్మిది వందల తొంభై తొమ్మిది గంటల యాభై ఐదు నిమిషాలు. ఐదంటే ఐదు నిమిషాలు తక్కువ! పైగా పొయ్యి దగ్గర పిల్ల పిలిచిన పిలుపు చెవిలోనే ఉంది. ఆ మాట ఎక్కడో ఒక చోట రాసుకోకపోతే ప్రాణం నిలిచేలా లేదు. ఇంట్లో ఆమె రాసే పుస్తకం అదొక్కటే. నీలం సిరా తీసి, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "అమ్మా అని పిలిచింది. భాష. ఐదు నిమిషాలు." కింద గీత గీసి వెయ్యి వేసింది.

పోనీ తనలో తాను మురిసిపోయి మూసిపెట్టిందా, అదీ లేదు. తల తుడుచుకుంటూ వచ్చిన పిల్లకే చూపించింది. "చూడు కెండ్రా, వెయ్యి పూర్తయింది! నీవల్లే!"

కెండ్రా చదివింది. మళ్ళీ చదివింది. తువ్వాలు కుర్చీకి వేసింది.

"ముందిళ్ళల్లోనూ రాసేవాళ్ళు," అంది మెల్లగా. "ఏడిస్తే ఎంతసేపు ఏడ్చానో రాసేవాళ్ళు. పిల్లల సంక్షేమ ఆఫీసు వాళ్ళొస్తే చూపించేవాళ్ళు. వాళ్ళు ప్రవర్తన కింద వేసేవాళ్ళు, మీరు భాష కింద వేశారు. అంతే తేడా, మిసెస్ ప్రూట్."

మిస్ డార్లా కూడా పోయింది. మిసెస్ ప్రూట్! లైసెన్సుల కౌంటరు దగ్గర జనం పిలిచిన పిలుపు.

మర్నాటి నుంచి అకాడెమీలో సమ్మె. కెండ్రా పుస్తకం ముట్టలేదు. అరిచిందా అంటే అదీ లేదు. మర్యాదతో చంపింది. "గుడ్ మార్నింగ్ మిసెస్ ప్రూట్. ఇది భాషలో వేసుకోండి." "ఉప్పు అందుకుంటారా? రసాయనశాస్త్రం, రెండు సెకన్లు." "తుమ్మొచ్చింది. ఎందులో వేస్తారో మీ ఇష్టం." ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు, వారం రోజులు. డార్లా క్షమాపణ చెప్పబోతే, "అది నీతిబోధ అవుతుందా, సోషలా?" అని అడిగింది పిల్ల.

డార్లా గరాజుకి వెళ్ళి మొగుడి దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. "నేనేం తప్పు చేశాను వెండెల్? సంతోషం పట్టలేక రాసుకున్నాను. ఫోటో తీసుకోరూ జనం? అలాగే."

వెండెల్ ట్యాంకరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. అతని కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. "సంతోషానికైతే వెయ్యి ఎందుకు వేశావు?" అన్నాయి కాళ్ళు.

డార్లా పక్కనున్న పెట్టె మీది దుమ్ము తుడవసాగింది.

"ఇంట్లో కౌంటరు లేదు డార్లా. ఎన్నాళ్ళని దాని వెనకే కూర్చుంటావు? ఆ పిల్ల పుట్టిందగ్గర్నుంచీ వరసలోనే నిలబడింది. ఆ రెంచి ఇటివ్వు."

రెంచి ఇచ్చి, అక్కడే పెట్టె మీద కూర్చుని డార్లా బావురుమంది. పంతొమ్మిదేళ్ళలో ఎంతమంది ఆ వరసలోంచి మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయారో ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. వాళ్ళందరూ ఇప్పుడు ఒకే పిల్ల మొహంతో ఆమె కేసి చూస్తున్నారు. ఎవరెన్ని చెప్పినా, ఆ ఏడుపు ఆమె ఎప్పుడో ఏడవాల్సింది.

శనివారం రానే వచ్చింది. కెండ్రా రానంటుందనుకున్నారు గానీ, చర్చిలో వంటలకు పేరుపడ్డ మిస్ లుఎల్లా మసాలా కూరిన కోడిగుడ్లు తెస్తుందని తెలిసి బయల్దేరింది. నేలమాళిగలో బల్లల మీద రంగురంగుల పుస్తకాలు, మరో వైపు పళ్ళాలు. మార్లీస్ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో తల్లినీ మెచ్చుకుంటూ డార్లా బల్ల దగ్గరకొచ్చింది. ముందు ఆ సిరా రంగులు చూసి "ఆహా" అంది. తరవాత ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయింది.

ఆఖరి పద్దు మీద స్కేలు పెట్టి గీసిన లావుపాటి గీత ఉంది. కింద ఏం రాసి ఉందో కనబడకుండా కొట్టేసి, పక్కన ఆఫీసు పద్ధతిలో పొడి అక్షరాల సంతకం. వెయ్యి కొట్టేసి, తొమ్మిది వందల తొంభై తొమ్మిది గంటల యాభై ఐదు నిమిషాలు.

"డార్లా! ఐదు నిమిషాలు తక్కువ!" మార్లీస్ గొంతు పెద్దది. నేలమాళిగంతా ఇటు తిరిగింది. డార్లా కౌంటరు దగ్గర్నుంచి ఒకప్పుడు వెనక్కి తిరిగిన వాళ్ళు అందులో కనీసం ఆరుగురు ఉన్నారు. వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి.

"అవును, తక్కువే," అంది డార్లా.

"అయ్యో, దాందేముంది? ఇక్కడికి కారులో వచ్చారు కదా, భూగోళం కింద వేసెయ్. మూడు రోజులు గడువుంది. నా పెన్నివ్వనా?"

"వద్దు మార్లీస్."

"మరి ఈ కొట్టేసింది ఏమిటి? అదే ఉంచితే సరిపోయేది కదా!"

"అది పాఠం కాదు," అంది డార్లా. "అది నాకు జరిగింది. బడికి కాదు. దొంగలెక్క రాశాను, కొట్టేశాను."

"ఐదు నిమిషాల కోసం ఏడాది చదువు..."

"లెక్క సరిగ్గానే ఉందండీ."

కెండ్రా పళ్ళెంతో నిలబడి ఉంది. నోటి నిండా కోడిగుడ్డు. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. నమిలి మింగి, పుస్తకం మీదికి వంగి ఆ గీతను వేలితో ఒకసారి తడిమింది. తరవాత మార్లీస్ వైపు తిరిగి, ఎనిమిది మంది హడ్‌స్పెత్ పిల్లలూ వినేలా అంది:

"మా అమ్మ లెక్క తప్పదు. మీరే ఇంకోసారి కూడుకోండి."

మార్లీస్ నిజంగానే మళ్ళీ కూడటం మొదలుపెట్టింది. కెండ్రా పళ్ళెంలోంచి ఒక కోడిగుడ్డు ముక్క తీసి డార్లా చేతిలో పెట్టి, తింటే తినమన్నట్టు గడ్డం ఎగరేసింది.

ఆ మాట కెండ్రా ఎన్ని గంటలకు అందో వెండెల్ తరవాత చాలాసార్లు అడిగాడు. డార్లాకి తెలియదు. గడియారం చూసుకోలేదు.