నొప్పి బిళ్ళల మీద ప్రార్థన: రేపల్లె నుంచి బాపట్లకు ఒక రోజు

బాపట్ల ప్రయాణం అంటే చాలామంది సముద్రం గురించి రాస్తారు. నేను వెళ్ళింది ఒక పాస్టరు గారి దగ్గరికి, మా అమ్మను మందు వేసుకోమని చెప్పండని అడగడానికి. ఇలాంటి పని మీద ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఇంకా ఉంటారని రాస్తున్నాను.

గర్భసంచిలో మొదలైన క్యాన్సరు అమ్మ నడుము ఎముకల్లోకి పాకింది. ఇక నయం కాదని, నొప్పి మాత్రం తగ్గించగలమని చెప్పి తెనాలి ఆసుపత్రిలో డాక్టరు గారు మార్ఫిన్ బిళ్ళలు ఇచ్చారు. అవి బాగా పనిచేశాయి. ఆ ఊరటతోనే అమ్మ లేచి కూర్చుని, కారు మాట్లాడించుకుని, బాపట్లలో స్వస్థత ప్రార్థనకు వెళ్ళొచ్చింది. పాస్టరు గారు తలమీద చెయ్యి ఉంచి "స్వస్థత పొందావమ్మా" అన్నారట. ఇంటికి రాగానే బిళ్ళలు మానేసింది. "దేవుడు బాగుచేశాడని నమ్మాక మళ్ళీ బిళ్ళ మింగితే ఆయన్ని నమ్మనట్టే గదే" అంది. మర్నాటికే తువ్వాలు నోట్లో కుక్కుకుని మూలగడం మొదలుపెట్టింది. నాట్లకీ కలుపులకీ వెళ్ళి నన్ను చదివించిన మనిషి. మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి మందుల చీటీ చదివేదీ నేనే, బైబిలు చదివి వినిపించేదీ నేనే. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

చిన్నమ్మను అమ్మ దగ్గర ఉంచి పొద్దున్నే రేపల్లెలో ప్యాసింజరు ఎక్కాను. బండి అక్కడే బయల్దేరుతుంది కనుక సీటు దొరుకుతుంది. బస్సుకన్నా టికెట్టు చాలా తక్కువ. తెనాలికి గంటకు పైనే పట్టింది. డాక్టరుతో పని లేనివాళ్ళకు చెరుకుపల్లి మీదుగా బస్సు దగ్గర దారి. బిళ్ళను నూరి అమ్మకు తెలియకుండా గంజిలో కలిపేయమని చిన్నమ్మ చెప్పి పంపింది. దారి పొడవునా నాకూ అదే తేలిక అనిపించింది. తెనాలిలో డాక్టరు గారిని అడిగాను.

"వద్దమ్మా. ఇవి నూరకూడదు, మందంతా ఒక్కసారే ఎక్కేస్తుంది. పైగా ఆవిడ కనిపెట్టిందనుకో, నీ చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా తాగదు. ఎవరి మాట వింటుందో వాళ్ళచేత చెప్పించు."

"ఇంకా ఎన్నాళ్ళుంటుందండి?"

"రోజులేనమ్మా."

తెనాలి నుంచి బాపట్లకు రైల్లో మరో గంట. స్టేషను బయట ఆ పాస్టరు గారి ప్రార్థనల చోటికి ఆటో మాట్లాడుకున్నాను. "ఇవాళ ప్రార్థన కూటం లేదే చెల్లెమ్మా. అయినా జబ్బు మనిషిని తీసుకురాకుండా నువ్వొక్కదానివే వచ్చావేంటి?" అన్నాడు డ్రైవరు. "కదిలించేటట్టు లేదన్నా" అన్నాను.

ప్రార్థనలు జరిగే రేకుల షెడ్డు వెనకే పాస్టరు గారి ఇల్లు. వందనాలు చెప్పి, సంగతంతా చెప్పాను.

"నేను మందులు మానమని అనలేదమ్మా" అన్నారాయన.

"వేసుకోమనీ అనలేదు కదండీ."

లోపల్నుంచి వాళ్ళావిడ వచ్చింది. "మీరు రోజూ షుగరు బిళ్ళ వేసుకోవట్లా? అది చెప్పొచ్చుగా ఆ మనిషికి! బిళ్ళ డబ్బా ఎక్కడ పెట్టావని పొద్దున్నే నా మీద అరుస్తారు మళ్ళీ."

ఆయన మొహం ఎర్రబడింది. డాక్టరు ఏమన్నారని అడిగారు. "రోజులే అన్నారండి" అన్నాను. మధ్యాహ్నం ఒక సమాధి కార్యక్రమం ఉందట, మా ఇంటికి రాలేనన్నారు. నా సంచిలోని బిళ్ళల అట్టను అరచేతిలో పెట్టుకుని, ఫోనులో రికార్డు చేసుకోమని చెప్పి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఈ మందు కూడా నీ చేతిలోదే ప్రభువా, నీ బిడ్డ భయపడకుండా పుచ్చుకోవాలి, నొప్పి లేకుండా నిద్రపోవాలి అని. నాకు కావలసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. తిరుగు రైల్లో ఫోను గుండెకు ఆనించుకుని కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉన్నాను. ప్రార్థన పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుని విని, తువ్వాలు తీసి "ఆమెన్" అంది. చిన్నమ్మ గబగబా నీళ్ళు తెచ్చింది.

"మళ్ళీ పెట్టు" అంది అమ్మ.

మళ్ళీ పెట్టాను. పూర్తయ్యాక నా మొహంలోకి చూసింది.

"ఈసారి బాగుచెయ్యమని అడగలేదేంటే అయ్యగారు?"

అట్టలోంచి ఒక బిళ్ళ తీశాను.

"సరే, ఇటివ్వు" అని అమ్మ చెయ్యి చాపింది.

ఆ రాత్రి నిద్రపోయింది. చనిపోయేదాకా మళ్ళీ నొప్పితో మూలగలేదు. అంతకుముందు రోజూ స్వస్థత వచనాలు చదవమనేది. ఆ సాయంత్రం తర్వాత మళ్ళీ అడగలేదు. నేను బాపట్ల నుంచి ఒక మేలు తెచ్చాను, దానితోపాటే ఆమె దగ్గర మిగిలిన ఒక్క ఆశనూ తీసేశాను. మళ్ళీ ఆ స్థితే వస్తే మళ్ళీ ఆ రైలే ఎక్కుతాను. కానీ ఆమె చెయ్యి చాపిన తీరు మర్చిపోలేను.

మీరూ ఇలా వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. రికార్డు చేసిన ప్రార్థనను ఇంటికి తేకముందు రైల్లోనే పూర్తిగా ఒకసారి వినండి. మంచంలో ఉన్న మనిషి అందులో ఏ మాట లేదో కూడా పట్టేస్తుంది.