తువాలు కింద లైవ్

పుంగనూరు పశువుల సంతలో ఒక్క వీడియోతో సొంత చిన్నాయన బేరాన్ని నిలువునా ముంచిన మేధావిని చూడాలని ఉందా? ఇదిగో, నేనే. నవ్వేవాళ్లు ముందే సర్దుకుని కూర్చోండి.

మదనపల్లెలో సోషల్ మీడియా మార్కెటింగ్ కోర్సు చేసి అప్పుడే వచ్చాను. కాళ్లు నేల మీద ఆనడం లేదు. మా చిన్నాయన రెడ్డెప్ప సంతలో పేరున్న దళారి.

"చిన్నాయనా, పెద్ద పెద్ద కంపెనీల ఓనర్లే రీల్స్‌లో కనపడతాండారు. నువ్వు యాల కనపడకూడదు?"

"నా మొగం సూసి ఎద్దులు కొంటారా నాయనా?"

"ఎద్దుల్ని కాదు, నమ్మకాన్ని కొంటారు!"

ఇది కోర్సులో బట్టీ పట్టిన మాట. ఆయన మీసం దువ్వుకున్నాడు. పడిపోయాడన్నమాట.

ఆ వారం శాంతిపురం మునెప్ప ఎద్దుల జతను తోలుకొచ్చాడు. "మంచి రేటు రాకపోతే నువ్వడిగిన రేటుకు నేనే కొంటా" అని చిన్నాయన మాటిచ్చేశాడు. మా సంతలో బేరం నోటితో జరగదు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి రేటు చెప్పుకుంటారు. అది బయటపడితే అంతకు మించి ఎవడూ పైకి రాడు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ కోర్సు తెలివి ముందు పుట్టు తెలివి ఎంత!

"లీడర్‌ను కింది నుంచి తీస్తే ఎత్తుగా కనపడతాడు" అని మా సార్ చెప్పారు కదా. నేను దుమ్ములో వెల్లకిలా పడుకుని లైవ్ పెట్టాను. చిన్నాయన గోపురమంత కనపడ్డాడు. ఆయనతో పాటు తువాలు లోపల, కుప్పం నుంచి కొనడానికొచ్చిన ఆసామి మొదటి బేరంగా నొక్కుతున్న వేళ్లూ కనపడ్డాయి. చూసేవాళ్లు పెరిగేకొద్దీ నేను పొంగిపోయాను. వాళ్లలో సగంమంది ఆ సంతలోనే ఉన్నారని నాకేం తెలుసు?

తర్వాత వచ్చిన ఆసామి తువాలు ముట్టలేదు. అందరి ముందే వేళ్లెత్తి చూపించాడు. "అదే రేటు రెడ్డెప్పా. ఇంక తువాలు యాల? ఫోన్లో సూస్తిమి గదా!"

ఆ వెనక వచ్చినవాళ్లూ అవే వేళ్లు ఎత్తారు. మునెప్ప ముఖం వాడిపోయింది.

"నా గతేందప్పా?"

"మాటంటే మాటే. నేనే తోలుకుపోతా" అన్నాడు చిన్నాయన, నన్ను నమిలేసేలా చూస్తూ. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఏకంగా ఇంటినే రచ్చకెక్కించాను.

ఎద్దులు మా కొట్టంలోకి వచ్చాయి. పార నా చేతికొచ్చింది. నేను పేడ ఎత్తుతుంటే చిన్నాయన నా ఫోను పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"ఏం చేస్తాండావు చిన్నాయనా?"

"లైవ్ పెట్టినా. నువ్వు లీడర్ గదా, ఎత్తుగా కనపడాల!"

దానికి వచ్చినన్ని లైకులు నా బతుకులో ఇంక దేనికీ రాలేదు. అందుకే ఈ ఎద్దుల కొమ్ముల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఎంతటి లీడర్నైనా సరే, నిలబడే తీస్తాను.