బస్సు టిక్కెట్టుకు ఐదు కాజాలు

అమ్మడికి ఎక్కాలు బడిలో పట్టుబడలేదు, కాజాల దగ్గర పట్టుబడ్డాయి. చొక్కాకు గుండీ దూరే చీలిక ఉంటుంది కదా, దాని అంచు పీచులు లేవకుండా చుట్టూ దారంతో బిగించి కుట్టడమే కాజా. చూడ్డానికి గోరంత పని. నాలుగు కుట్టి చూడండి, మెడ పట్టేస్తుంది. చొక్కాకు ఏడు కాజాలు. అమ్మడి తల్లి కిటికీ పక్కన పీట వేసుకుని రోజుకు ఎనిమిది చొక్కాలు ముగించేది. ఏడెనిమిదులు ఎంత అని బడిలో అడిగిన రోజున అమ్మడు తడుముకోకుండా యాభై ఆరు అని చెప్పి, "అంతకు మించితే అమ్మకి కళ్ళు మండుతాయండీ" అని కూడా చేర్చింది.

ఆ ఇంట్లో డబ్బును డబ్బుగా ఎవరూ లెక్కపెట్టేవారు కారు. ఏ వస్తువుకైనా ఎన్ని కాజాలు అన్నదే ప్రశ్న. పెన్సిలు ఒకటి. నోటు పుస్తకం ఆరు. బడికి బస్సు టిక్కెట్టు రెండు. వాన కురిస్తే తప్ప ఆ రెండూ బస్సువాడి పాలు చేయడమెందుకని తల్లీకూతుళ్ళు నడిచేవారు. పదేళ్ళ వయసులో అమ్మడు ఈ ధరలన్నీ ఒక గళ్ళ పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. రాయమని ఎవరూ చెప్పలేదు. కొందరు పిల్లలు పువ్వులు గీస్తారు, ఈ పిల్ల ధరలు రాసుకుంది, అంతే.

పని ఇచ్చేది వీధి చివర బట్టలు కుట్టే దుకాణం నడిపే కటింగ్ మాస్టారు. అమ్మడి తండ్రి చనిపోయిన నెలలోనే పిలిచి మరీ సూదీ దారం చేతిలో పెట్టిన మనిషి. ఆ సంగతి తల్లి ఏనాడూ మరవలేదు, కూతుర్ని మరవనివ్వలేదు. అలాంటి మనిషిని రేటు అడగడమంటే ఆమె దృష్టిలో తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే.

కాలేజీలో చేరాక పుస్తకం సగం దాటింది. పగలు క్లాసులు, సాయంత్రం తల్లి పక్కన సూది. ఫీజుకు దాచేది ఒక రేకు డబ్బాలో, బస్సుకూ పుస్తకాలకూ దాచేది ఇంకో డబ్బాలో. ఆ డబ్బాలోది ఈ డబ్బాలోకి రావడానికి వీల్లేదు. స్నేహితులు క్యాంటీనుకు లాగితే "టీ మూడు కాజాలు, మీరు కానివ్వండి" అనేది. దాంతో కాలేజీ అంతా ఆమెను కాజాలు అనే పిలిచింది. ఆమెకు కోపం రాలేదు, పిలిస్తే పలికేది.

అలాగని ఆమె బుద్ధిమంతుల్లో మొదటి రకం అనుకోకండి. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ చేతిలో పడిన రోజున కాళ్ళు నేలమీద ఆనలేదు. సరాసరి వెళ్ళి ఎర్రటి భుజం సంచి కొనేసింది. రెండువందల నలభై కాజాలు! వారం రోజులపాటు ఆ సంచి వంక చూస్తే చాలు, కుట్టవలసిన రెండువందల నలభై చిల్లులు కనిపించేవి.

"కొన్నావు కదా, ఇక సంతోషంగా వేసుకో. మొహం మాడ్చుకుని మోస్తే అది ఇంకా దండగ" అంది తల్లి.

మూడేళ్ళూ అదే సంచి. పట్టీ రెండుసార్లు తెగింది, రెండుసార్లూ తనే కుట్టుకుంది.

ఆఖరి ఏడాది వచ్చేసరికి ఫీజుకు ఏడువందల కాజాలు తక్కువ పడ్డాయి. గడువు మూడు వారాలు. అదృష్టం బాగుండి మాస్టారికి ఏదో కంపెనీవాళ్ళ యూనిఫాం చొక్కాలు నూరు వచ్చాయి. కాజాలన్నీ మీకే అని కబురుపెట్టాడు. చొక్కాకు ఏడు చొప్పున నూటికి ఏడువందలు, కొలిచి పోసినట్టు సరిపోయాయి. ఆ చొక్కాలు చేజారితే ఫీజు లేదు, ఫీజు లేకపోతే పరీక్ష లేదు.

ఆ మధ్యాహ్నం బస్టాపులో అమ్మడు పుస్తకం తిరగేస్తూ కూర్చుంది. పక్కన ఆమె స్నేహితురాలు, కాలేజీ ఎదుట అన్నగారి టైపింగ్ షాపులో పనిచేస్తూ చదువుకునే పిల్ల.

"చూడవే, నా పదో ఏట టిక్కెట్టు రెండు కాజాలు. ఇప్పుడు ఐదు! ధరలు మండిపోతున్నాయి."

"నాకైతే రెండు పేజీలే" అంది స్నేహితురాలు.

"రెండు పేజీలేంటి?"

"నీకు కాజాలైతే నాకు పేజీలే తల్లీ. రెండు పేజీలు కొడితే టిక్కెట్టు డబ్బులొస్తాయి. నా చిన్నప్పుడు అన్నయ్య కొట్టే రోజుల్లో కూడా రెండే."

"అదెలాగే? టిక్కెట్టు పెరిగింది కదా!"

"పేజీ రేటు పెరగదా ఏంటి? ఏడాదికో రెండేళ్ళకో గోడ మీద కొత్త రేట్లు అంటిస్తాం. అవునూ, మీ కాజా రేటు ఎప్పుడు పెరిగింది?"

అమ్మడు పేజీలన్నీ వెనక్కి తిప్పేసింది. పుస్తకం అట్ట లోపల చూసింది. కాజాకు ఇంత అని పదేళ్ళ పిల్ల గుండ్రటి అక్షరాల్లో ఒక్కసారి రాసి ఉంది. మళ్ళీ రాసే పని ఎప్పుడూ పడలేదు. పదకొండేళ్ళు! బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది, ఆమె ఎక్కలేదు. కామర్స్ చదువుతున్న పిల్ల, ధరల పెరుగుదల మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు కొట్టేసిన పిల్ల, సొంత ఇంట్లో కొలబద్ద ఏటేటా పొట్టిదవుతుంటే చూసుకోలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే మరి. సిగ్గేసింది. ఆ వెంటనే ఎక్కడలేని హుషారూ వచ్చింది. స్నేహితురాలిని గట్టిగా కౌగిలించుకుని, సంచి భుజాన వేసుకుని ఇంటిదాకా పరుగెత్తింది.

"అమ్మా! పదకొండేళ్ళుగా ఒకటే రేటు!"

"అయితే?"

"అయితే ఏంటమ్మా! రేపే వెళ్ళి మాస్టారిని అడుగుతా."

తల్లి చేతిలో సూది ఆగిపోయింది. "నోర్ముయ్. నూరు చొక్కాలు మన చేతికొచ్చే వేళ ఇదేం బుద్ధి? ఆయనకి కోపమొస్తే ఇంకొకళ్ళకిస్తాడు. ఉన్నదీ ఊడుతుంది. అప్పుడు ఆ పుస్తకం చూపించి కట్టుకో నీ ఫీజు!"

అమ్మడికి భయం వేయలేదంటే అబద్ధం. కానీ తెలిసిన తర్వాత తెలియనట్టు కుట్టడం ఆమె వల్ల కాలేదు. మర్నాడు పొద్దున్నే తల్లి వద్దు వద్దంటున్నా పుస్తకం పట్టుకుని బయల్దేరింది.

మాస్టారు మెడలో టేపు వేసుకుని బల్ల మీద గుడ్డ పరుస్తున్నాడు. అమ్మడు చెప్పవలసిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేసి పుస్తకం ముందుపెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. నోటు పుస్తకం ఆరు, తర్వాత పదిహేను. టిక్కెట్టు రెండు, తర్వాత ఐదు. ఒక్కో పేజీ తిప్పుతూ "ఊఁ" అంటున్నాడు. ఆ ఊఁకి అర్థమేమిటో తెలియక అమ్మడు ఆయన మొహం వంకే చూస్తోంది.

"అన్నీ రాశావు. మన దుకాణంలో చొక్కా కుట్టుకూలి రాయలేదా?"

"రాశాను మాస్టారూ. అప్పుడు ముప్ఫై కాజాలు. ఇప్పుడు డెబ్భై ఐదు."

మాస్టారికి పొలమారింది. దగ్గి, మంచినీళ్ళు తాగి, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ అమ్మ అడగలేదు, నేనూ గమ్మునున్నా. తెలియక కాదులే, బాగానే ఉంది కదా అని. సరే, ఎంత కావాలి?"

"రెట్టింపు."

"రెట్టింపిస్తే దుకాణం మూసుకుని నేను మీ ఇంటికొచ్చి కాజాలు కుట్టాలి. పాతదాని మీద సగం వేసిస్తా."

"ఈ నూరు చొక్కాల నుంచేనా?"

"వీటి నుంచే! ఇక వెళ్ళు తల్లీ, ఇంకాసేపు నిలబడితే మిషను కూడా అడిగేలా ఉన్నావు."

ఇంటి దగ్గర తల్లి పొద్దున్నుంచి సూదిలో దారం ఎక్కించలేదు. విన్నాక ముందు ఏడ్చింది, తర్వాత "ఎంత తెగింపే నీకు" అని తిట్టింది, ఆ తర్వాత వేళ్ళు మడుస్తూ లెక్క మొదలుపెట్టింది. "అయితే ఫీజుకు అరవై ఏడు చొక్కాలు చాలు! తక్కినవి పరీక్షల్లో నీ బస్సుకి. ఈసారి నడిస్తే ఊరుకోను."

ఫీజు గడువుకు నాలుగు రోజుల ముందే కట్టేశారు. డిగ్రీ వచ్చింది. వెతగ్గా వెతగ్గా ఒక లారీల ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగమూ వచ్చింది.

మొదటి జీతం అందుకున్న సాయంత్రం అమ్మడు బస్సులో కూర్చుని లెక్క వేసింది. పాత రేటున తొమ్మిదివేల కాజాలు, ఇప్పటి రేటున ఆరువేలు. కండక్టరు రెండుసార్లు అడిగితే గానీ టిక్కెట్టు తీసుకోవడం గుర్తురాలేదు. వీధి మొదట్లోనే "అమ్మా!" అని కేకేసింది. తలుపుకు తాళం ఉంది.

"మీ అమ్మ నీ గళ్ళ పుస్తకం పట్టుకుని దుకాణానికెళ్ళింది" అంది పక్కింటి పిన్ని.

అమ్మడు మళ్ళీ పరుగు. దుకాణం గుమ్మంలో ఆగిపోయింది. లోపల తల్లి నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ ఆ బల్ల ముందు తలెత్తి మాట్లాడని మనిషి, పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపిస్తోంది.

"ఏడాది దాటింది మాస్టారూ. మీరు పెంచిన రోజున టిక్కెట్టు మూడు కాజాలకి కాస్త పైన. ఇప్పుడు నాలుగు. ఐదో వంతు పెంచితే సరిపోతుంది."

"కూతురొక్కతే అనుకున్నా. నీకూ నోరొచ్చిందా చెల్లెమ్మా?"

"అడగందే అమ్మైనా పెట్టదని మీరే అన్నారట కదా అన్నయ్యా."

మాస్టారు టేపు రెండు చివర్లూ పట్టుకుని పైకి చూశాడు. "సరే. ఐదో వంతు" అన్నాడు.

తల్లి వెనక్కి తిరిగి అమ్మడిని చూసింది. "జీతమొచ్చిందా? ఎన్ని కాజాలే?"

"ఆరువేలమ్మా!"

"ఏ రేటున?"

"ఇప్పటిదాకా ఉన్న రేటున."

"అదెందుకూ? మాస్టారు ఇప్పుడేగా ఒప్పుకున్నారు. కొత్త రేటున చెప్పు."

అమ్మడు కళ్ళు మూసుకుని లెక్కవేసింది. "ఐదువేలు."

"అమ్మయ్యో, వెయ్యి తగ్గిందా?"

"తగ్గిందమ్మా!" అంటూ అమ్మడు గుమ్మంలోనే గంతేసింది. ఆ వెయ్యీ తన తల్లి ఇక కుట్టనక్కర్లేని కాజాలని తలుచుకునేసరికి ఆమెకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. తల్లి పుస్తకం ఆమె చేతిలో పెట్టి, బల్ల మీదున్న మాస్టారి పెన్సిలు కూడా తీసి ఇచ్చింది.

"రాయి. తేదీ కూడా వెయ్యి. వచ్చే ఏడాది మళ్ళీ రావాలి."