మూత పెట్టిన గ్లాసు

ప్రొద్దుటూరులో ఆ రోజుల్లో మనిషి ఏ పార్టీయో తెలుసుకోవాలంటే ఏ హోటల్లో కాఫీ తాగుతాడో చూస్తే చాలు. మా బజారులో ఎదురెదురుగా రెండు కాఫీ హోటళ్లుండేవి. మధ్యలో రోడ్డు, రోడ్డు నిండా బట్టల మూటల రిక్షాలు, బంగారం అంగళ్లకు వచ్చిన జనం. ఎన్నికలు దగ్గరపడే కొద్దీ ఆ రోడ్డు దాటడమే పెద్ద పనైపోయింది.

నాకూ నా స్నేహితుడికీ పడమటి హోటలే అలవాటు. వాడిది జమ్మలమడుగు దగ్గర పల్లె. నేను బట్టల కొట్లో గుమాస్తాను, వాడు పక్క వీధిలో మోటార్లు రిపేరు చేసేవాడు. రోజూ సాయంత్రం బై టూ చెప్పేవాళ్లం. ఒక కాఫీ, రెండు గ్లాసులు. వాడి గ్లాసులో ఒక గుక్క ఎక్కువ పడితే చాలు, నేను పోట్లాటకు దిగేవాణ్ణి.

తర్వాత వాడి చిన్నాయన ఒక పార్టీలో, మా అన్న ఇంకో పార్టీలో తిరగడం మొదలుపెట్టారు. మేమిద్దరం ఏ జెండా మోయలేదు. అయినా లెక్కలో పడిపోయాం. పడమటి హోటలు వాడి చిన్నాయన వాళ్లదని, తూర్పుది మా అన్న వాళ్లదని ముద్ర పడింది. ఒకరోజు అన్న గట్టిగానే చెప్పాడు. "ఆ హోటల్లోకి ఇంగ పోవద్దు రా. నువ్వు ఆడ కూచుంటే ఈడ నా మొగం యాడ పెట్టుకోవాల?"

నేను తలూపాను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు గానీ, అది ఎప్పుడూ పనికిరాని చోటే వచ్చేది.

వారం రోజులు ఆ హోటలుకు పోలేదు. అప్పుడు వాడు, అక్కడ కాఫీ అందించే ముసలాయనతో కబురు పంపాడు. రేపు సాయంత్రం తప్పకుండా రమ్మన్నాడు, మాట్లాడే పనుందట.

మరునాడు కొట్లోంచి బయటికొచ్చేసరికి అన్న, మా వీధివాళ్లు నలుగురు ఎదురుపడి తూర్పు హోటల్లోకి లాక్కుపోయారు. రోడ్డవతల వాడు ఎప్పటి బల్ల దగ్గరే కూచుని ఉన్నాడు. ముందు రెండు గ్లాసులు. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. కాసేపటికి దొంగచూపు చూస్తే, చల్లారిపోకుండా నా గ్లాసు మీద సాసరు మూత పెడుతున్నాడు. ఇంకోసారి చూసేటప్పటికి వాడు లేడు. మూత అట్లే ఉంది.

మూడో రోజు ఎర్రగుంట్ల రోడ్డులో బస్సు ఆపి, వాణ్ణి దింపి చంపేశారు. పగ చిన్నాయన మీద, దొరికింది వీడు. అంత్యక్రియలకు పోలేకపోయానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి పోలేదు.

నెల తర్వాత ముసలాయన కొట్టుకొచ్చి చెప్పాడు. "ఆ పొద్దు నిన్నెందుకు రమ్మన్యాడో తెల్సా అప్పా? కువైట్‌కు వీసా వచ్చింది. ఎర్రగుంట్లలో రైలెక్కాల. బస్సులో నువ్వు పక్కన కూచుంటే తన్ను ఎవరూ ముట్టుకోరన్యాడు."

నిజమే. చంపినవాళ్లు మా అన్న పార్టీవాళ్లే; తమ మనిషి తమ్ముడు పక్కనుంటే ఆ బస్సు మీద చెయ్యి వెయ్యరు. మా సీమలో అంత మాత్రం కట్టుబాటు ఉండేది. నేను పోయి ఉంటే వాడు బతికేవాడు. ఆ రోజు జనంలో నాకు తను కనబడలేదనే వాడు అనుకుని ఉంటాడని, ఆ ఒక్కటి పట్టుకుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను.

ఇప్పుడు మా అన్నదీ, వాడి చిన్నాయనదీ ఒకే పార్టీ. పోయిన నెల అన్నే నన్ను పడమటి హోటలుకు తీసుకుపోయాడు. "ఇంగేం భయం ల్యా, అంతా మనోల్లే" అంటూ పోయి పోయి ఆ బల్ల దగ్గరే కూచోబెట్టి, బై టూ చెప్పాడు. ఒక గ్లాసు నా ముందుకు జరిపాడు.

"తాగు రా, చల్లారతాది."

నేను తలెత్తి ఎదురు హోటలు చూశాను. నేను ఆ రోజు కూచున్న చోట ఎవరో కాఫీ తాగుతున్నారు. ఆ మనిషి కళ్లు ఎటు చూస్తున్నాయో కూడా ఇక్కడికి తెలుస్తోంది.