తాళం వేయని ఇల్లు

విజయవాడలో చల్లపల్లి బస్సెక్కితే నా పక్క సీట్లో మరియమ్మ అనే ఆవిడ కూర్చుంది. ఒళ్ళో కొత్త చీపురు, బ్లీచింగ్ పౌడర్ సంచీ ఉన్నాయి. కృష్ణానది మధ్యలో లంకలో వాళ్ళ ఇల్లు. వరదొస్తుందంటే పటమటలో కూతురి దగ్గరకి వచ్చి తలదాచుకుంది. వరద తీసిందని ఇప్పుడు తిరిగి వెళ్తోంది.

"ఇంటికి తాళం వేసే వచ్చారు కదండీ?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "వరదొస్తుంటే తాళం ఎవరేస్తారండీ? ముందు తలుపూ వెనక తలుపూ బార్లా తీసి వస్తాం. ఇటొచ్చిన నీళ్ళు అటు పోతాయి. మూశామంటే గోడలే పడిపోతాయి."

"మళ్ళీ అక్కడికే వెళ్తారా?"

"పోకపోతే ఎట్టాగండీ? ఒండ్రు బాగా పడిందంట. ఈసారి కంద బాగా ఊరుద్ది."

నాకు కడుపు మండింది. మాది ఉప్పాడ వైపు సముద్రపు ఒడ్డు. మా వీధి మొత్తాన్ని సముద్రం కోసుకుపోయింది. కాకినాడలో అద్దెకుంటున్నాం. ఇల్లు మునిగిన మనిషిని చూసి అసూయేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అది తగ్గలేదు. ఆవిడ ఇంట్లోకి వచ్చిన నీళ్ళు మట్టి ఇచ్చి మరీ వెళ్ళాయి. మా నీళ్ళు అక్కడే ఉండిపోయాయి.

దిగేటప్పుడు ఆవిడ, "ఎప్పుడన్నా మా లంకకి రండి, తలుపులు తీసే ఉంటాయి" అంది.

సముద్రంలో కలిసిపోయిన మా ఇంటికి ఆ రోజు నేనే తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి మరీ వచ్చాను. ఆ తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది.