ఉప్పు కరిగేదాకా ఆగని ఇన్‌స్పెక్టరు గారు

మా చిన్నప్పుడు... యానాం రేవు మెట్ల మీద వంగి, గోదావరి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నాలుకతో రుచి చూశాను. ఉప్పగా ఉన్నాయి. వేసవిలో పోటు వచ్చిందంటే సముద్రం నీళ్ళు మా ఊరిదాకా ఎగదన్నేవి. చెంబు నిండా ముంచుకుని కాన్వెంటు బడికి పరుగెత్తాను.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన కొత్త. బడిలో అన్నీ మారుతున్నాయి. ఆగ్నెస్ సిస్టర్ గారు ఆ ఏడాదే మా ఏడో తరగతి ఆడపిల్లలకు సైన్సు మొదలుపెట్టారు. గది లేదు, సామాను లేదు... కుట్టు మిషన్లు ఒక పక్కకు జరిపి పాఠం చెప్పేవారు. ఇన్‌స్పెక్టరు గారు చూసి బాగుందంటే వచ్చే ఏడు కూడా సైన్సు ఉంటుంది. లేదంటే ఆ గంట కూడా కుట్టుపనికే.

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా వచ్చేది కాదు. పుస్తకాలు తప్ప వేరే లోకం లేదు.

పదిహేను రోజులుగా పునశ్చరణ... ఘనపదార్థం, ద్రవం, వాయువు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది. ఉప్పునీటిలో గుడ్డు తేలుతుంది. పెరట్లో అటూ ఇటూ నడుస్తూ వల్లె వేస్తుంటే అమ్మ విసుక్కునేది. "ఒక్క చోట కూర్చోవే తల్లీ, నా కళ్ళు తిరుగుతున్నాయ్!"

ఇన్‌స్పెక్టరు గారి ముందు ఒక్కో పిల్ల ఒక్కో ప్రయోగం చూపాలి. నలుగురిలో నా గొంతు పెగలదని సిస్టర్ గారికి తెలుసు. అందుకే నాకు గుడ్డు ఇచ్చారు. "నువ్వు మాట్లాడక్కర్లేదమ్మా. రెండు గాజు గ్లాసులు... ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఉప్పునీళ్ళు. గుడ్డే మాట్లాడుతుంది."

గోదారే ఉప్పగా ఉన్నప్పుడు మళ్ళీ ఉప్పు కలపడమెందుకు అనుకున్నాను. పుస్తకంలో ఉన్నది జరగకపోవడమనేది ఉంటుందని నాకు తెలియదు. ముందుగా ఒకసారి వేసి చూడలేదు కూడా.

నా చెంబు చూసి రత్నం నవ్వింది. కనకాలపేట నుంచి వచ్చేది, నా బెంచీలోనే కూర్చునేది. "ఉప్పు తెమ్మంటే గోదారి తెచ్చావేంటే!"

"ఉప్పగానే ఉన్నాయి. కావాలంటే తాగి చూడు."

"నేనెందుకు తాగుతాను? నీ గుడ్డుకి పట్టించు."

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. తడిబట్ట ఎలా ఆరుతుందో రత్నం గడగడా చెప్పేసింది. తరువాత నేను.

బావి నీళ్ళలో వేశాను. మునిగింది. తీసి గోదావరి నీళ్ళలో వేశాను...

అక్కడా మునిగింది.

సిస్టర్ గారు నా మొహం చూసి, చెంబు చూసి, వంటింట్లోకి వెళ్ళి కల్లుప్పు తెచ్చారు. రెండు గుప్పిళ్ళు వేశాను. రాళ్ళు అడుగున పడ్డాయి. గుడ్డు వాటి మీద కదలకుండా కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు గారు జేబులోంచి గడియారం తీసి చూసుకున్నారు. గోదావరి దాటి ఎదుర్లంక వెళ్ళే పంటు పడవ అందుకోవాలట. "పిల్లల కుట్టుపని బాగుంది సిస్టర్. అది నడిపించండి." అని లేచి వెళ్ళిపోయారు.

సిస్టర్ గారు మిషన్లు ఒక్కొక్కటే యథాస్థానానికి లాగడం మొదలుపెట్టారు. నన్ను తిట్టినా బాగుండేది.

నాకు గ్లాసు కింద పెట్టబుద్ధి కాలేదు. రెండు చేతుల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను... ఎంతసేపో. రాళ్ళు చిన్నవయ్యాయి. గుడ్డు ఒకసారి నిటారుగా లేచి నిలబడింది. మెల్లగా అడుగు వదిలింది.

"రత్నం... చూడు."

"చూశాను. నాకెందుకే? పోయి ఆయనకి చూపించు."

"వెళ్ళిపోయారుగా!"

"నోరు లేకపోతే పోనీ, కాళ్ళు కూడా లేవా?"

గ్లాసు మీద అరచెయ్యి మూసి పరుగెత్తాను. బజారంతా చూస్తోంది. ఉప్పునీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. రేవులో పంటు ఇంకా కదల్లేదు. పంటువాడు నన్ను చూసి, "ఏంటమ్మాయ్, ఒక్క గుడ్డేనా? డజను తేవాల్సింది!" అన్నాడు. ఎక్కినవాళ్ళంతా నవ్వారు. మరో రోజైతే అక్కడినుంచే వెనక్కి తిరిగేదాన్ని.

"అప్పుడు ఉప్పు కరగలేదండీ... ఇప్పుడు కరిగింది."

అంత గట్టిగా నా గొంతు నేనే మొదటిసారి విన్నాను.

ఇన్‌స్పెక్టరు గారు గ్లాసు అందుకుని ఎండకేసి పట్టి చూశారు. గుడ్డు పైకొన నీళ్ళ మీద తేలుతోంది. "గోదారి నీళ్ళూ ఉప్పనే కదమ్మా. మరి ముందు ఎందుకు మునిగింది?"

"ఆ ఉప్పు చాలదండీ."

"ఎంతైతే చాలుతుంది?"

పుస్తకమంతా నాకు కంఠస్థం. అది మాత్రం అందులో లేదు. "తెలీదండీ... తూచి చూడాలండీ."

"మరి తూచలేదేం?"

"మా బడిలో త్రాసు లేదండీ."

"ఆయ్, బయల్దేరదామాండీ?" అని పంటువాడు కేకేశాడు. ఇన్‌స్పెక్టరు గారు గ్లాసు నా చేతికిచ్చి, సంచిలోంచి కాగితాలు తీసి ఏదో కొట్టేశారు, ఏదో రాశారు. ఏమిటో ఒడ్డు మీద నుంచి నాకు కనిపించలేదు.

ఆ సెలవులన్నీ నాకు కుదురు లేదు. ఏదైనా కబురు తెస్తుందేమోనని బస్సు వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోకి వచ్చి చూసేదాన్ని. జూన్‌లో కాకినాడ బస్సు మీద ఒక చెక్కపెట్టె వచ్చింది. లోపల దూదిలో చుట్టిన తూకపురాళ్ళు, ఒక ఇత్తడి త్రాసు. సిస్టర్ గారు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, నా కోసం కబురు పంపారు.

ఇప్పుడు నేనే ఆ పాఠం చెబుతున్నాను. గుడ్డు ఇంకా నా చేతిలో ఉండగానే పిల్లలు జవాబు చెప్పేస్తారు... తప్పు కూడా కాదు. "ఎంత ఉప్పు?" అని అడిగితే, "అది గైడులో లేదు టీచర్" అంటారు. మా బడి త్రాసు అల్మారాలో ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో నాలుగేళ్ళుగా ఎవరూ అడగలేదు... నేనూ అడగలేదు.

బడిలో మీ చేత్తో మీరు తూచి, కొలిచి తెలుసుకున్నది ఏదైనా గుర్తుందా? ఉంటే రాయండి... సోమవారం తరగతిలో చదివి వినిపిస్తాను.